గంగులు తీసిన మొవ్వు

జీడిమానుకు జబ్బు చేసిందంటే ఉద్దానంలో ముందు తలిచేది గంగులునే. చదివింది అయిదో తరగతి. ఆస్తల్లా ఒక ఉలి, ఒక సుత్తి, డబ్బాలో నీలం మందు. కాండం తొలిచే పురుగు పడిందంటే కుళ్ళిన బెరడంతా చెక్కేస్తాడు. శుభ్రమైన తెల్ల చెక్క కనబడ్డా ఊరుకోడు, ఇంకో వేలెడు లోతు తీస్తే గానీ మందు పూయడు. తుఫానుకు నడుం విరిగిన మాన్లను మోకాలెత్తుకు కోసి పారేసేవాడు. వానలు పడగానే మోడు చుట్టూ చిగుళ్ళు ముసిరేవి. మనిషికి కాస్త గర్వం ఉండేది, ఉండదా మరి!

భావనపాడు దగ్గర సీతమ్మకు కిందటి తుఫాను ఒకే ఒక్క కొబ్బరిచెట్టు మిగిల్చింది, అదీ కాయలన్నీ రాల్చేసి. మళ్ళీ కాపుకొస్తే ఆ కాయలే విత్తనంగా నాటి తోట నిలబెట్టాలని ముసలావిడ పట్టుదల. కొన్న మొక్కలు వద్దంటే వద్దంది. అలాంటి చెట్టుకు నడిమి ఆకు వాడి, కంపుకొట్టి, లాగితే చేతికి ఊడొచ్చింది. చెట్టు నడినెత్తినుండే మొవ్వుకు కుళ్ళు పట్టింది. సీతమ్మ లబోదిబోమంటూ గంగులుకు కబురంపింది. ఆవిడ జీడిమాన్లను బతికించింది అతనే.

గంగులు తాడు వేసుకుని ఎక్కి కుళ్ళంతా తీశాడు. తెల్లగా మంచి భాగం కనబడింది. అక్కడ ఆగి ఉంటే ఎంత బాగుండేది! ఇన్నేళ్ళ అలవాటు ఊరుకోనిస్తుందా, ఇంకో వేలెడు తీశాడు. మందు పూసి, పిడికెడు లేత తెల్ల ముక్కతో దిగాడు. పారెయ్యడం దేనికని ఇద్దరూ అరుగు మీద కూర్చుని తినేశారు.

మూడు నెలలైంది. చెట్టు పచ్చగానే ఉంది గానీ కొత్త ఆకు లేదు. ఊళ్ళో వ్యవసాయ సహాయకురాలు పద్మకుమారి ఎదురైతే ఆ మాటే అడిగాడు. ఎంత లోతు తీశారందామె. అతను వేళ్ళతో గొప్పగా చూపించాడు. ఆమె తల పట్టుకుని, విడమరిచి చెప్పింది.

జీడిమానుకు బెరడు కింద ఎక్కడపడితే అక్కడ, ఇంకా ఆకూ కాని కొమ్మా కాని కణాలు కాచుకుని ఉంటాయట. నరికితే అవే చిగుళ్ళవుతాయట. కొబ్బరికి ఆకునూ గెలనూ పుట్టించే మూలకణాలు ఒక్కచోటే, మొవ్వు అడుగున కాస్తంత. ఒకసారి ఆకైపోయిన కణం మళ్ళీ మొవ్వు కాలేదట.

"పచ్చగా ఉన్నవి పాత ఆకులండీ. చెట్టు ఆరోజే పోనాది" అంది.

చచ్చిన చెట్టు కింద మూడు నెలలుగా రొమ్ము విరుచుకుని తిరిగాడా తను? ఎలా నడిచాడో తెలియదు, సీతమ్మ పెరట్లో తేలాడు. ఆవిడ ఆ చెట్టు మొదట్లోనే నీళ్ళు పోస్తోంది.

"నానే సంపేసినాను పెద్దమ్మా" అని ఉన్నదంతా చెప్పేశాడు.

ఆవిడ తిట్టలేదు. బిందె చంకలోనే ఉంచుకుని తలెత్తి ఆ పచ్చటి ఆకుల్ని చూసింది.

"మొవ్వు ముట్టకూడదని మా అత్త సెప్పేదిరా. ఇన్ని మాన్లు బతికించినోడివి, నీకు తెలీదేటని ఊరుకున్నాను" అంది. "రుసిగా ఉన్నాదని, ఇంకో ముక్క కూడా అడిగినాను కదరా నిన్ను."