పూజకు ఆపిన అప్‌గ్రేడ్

మా ఫ్యాక్టరీలో ఆయుధ పూజ నాడు ఏ యంత్రమూ నడవకూడదు. లేత్ మిషన్ నుంచి తూకం కాటా దాకా అన్నీ ఆపి, తుడిచి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టాకే మళ్లీ స్విచ్ వేస్తారు. పటాన్‌చెరు చుట్టుపక్కల చాలా షెడ్లలో ఇదే పద్ధతి.

అక్కడ కంప్యూటర్లు చూసుకునేది నేను. సరుకు పంపే గదిలో పెట్టెలకు లేబుళ్లు తీసే కంప్యూటర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ పాతబడింది. లేబుళ్ల పని ఉండదు కదా అని పూజ రోజు ఉదయమే అప్‌గ్రేడ్ మొదలుపెట్టాను. సగంలో ఉండగా పూజారి లోపలికి వచ్చారు. వెనకే హారతి పళ్లెంతో మేనేజర్ గారు. ఆయనది కోస్తా వైపు.

"ఇదింకా నడుస్తోందేంటండీ? ఆపేయండి, ముహూర్తం దాటిపోతోంది" అన్నారు మేనేజర్ గారు.

ఇంకో గంట కావాలని ఒక్క మాట అంటే సరిపోయేది. నావల్ల పూజ ఆగిందనిపించుకోవడం ఇష్టం లేక బటన్ నొక్కి ఆపేశాను. మానిటర్‌కు కుంకుమ పెట్టారు.

పూజయ్యాక స్విచ్ వేస్తే కంప్యూటర్ లేచింది. కొత్త వెర్షన్ పేరే చూపించింది. "అయిపోయినట్టేనా?" అని మేనేజర్ అడిగితే "అయిపోయిందండీ" అన్నాను. నిజానికి సిస్టమ్ లోపల ఉండే ప్యాకేజీలనే చిన్న చిన్న ప్రోగ్రాముల్లో కొన్ని కొత్తవి వచ్చాయి, కొన్ని పాతవే మిగిలిపోయాయి. తర్వాత చూద్దాంలే అనుకున్నాను. చూడలేదు.

ఆ కంప్యూటర్ ముందు కూర్చునే ఆమెది కొండాపూర్ వైపు పల్లె. ఇస్నాపూర్‌లో కిరాయి గదిలో ఉండేది. ఆదివారం చర్చి మానదు, మిగతా రోజులు పని మానదు. అట్టపెట్టె కాటా మీదికి రాగానే బటన్ నొక్కి, వచ్చిన లేబుల్ అంటించేది. ప్యాకింగ్ లైన్‌లో పొద్దంతా నిలబడి చేసే పని నుంచి ఆ కుర్చీ దాకా రావడానికి ఆమెకు ఏళ్లు పట్టింది.

పండుగ తర్వాత అప్పుడప్పుడు ముందు పెట్టె లేబులే మళ్లీ వచ్చేది. రెండేసి పెట్టెల మీద ఒకే నంబరు ఉందని లోడు వెనక్కి వచ్చింది. సూపర్‌వైజర్ ఆమెను అందరి ముందు నిలబెట్టాడు.

"ఫోన్ల మాట్లాడుకుంట రెండుసార్లు ఒత్తినవ్, గంతే గదా?"

"ఒక్కసారే ఒత్తిన సార్. ఆ ప్రభువే సాక్షి."

"మరి మిషన్ అబద్ధమాడుతదా? చెప్పు అన్నా, మిషన్‌ల ఏమన్న ఉందా?" అని నా వైపు తిరిగాడు.

"మిషన్ బాగానే ఉంది" అన్నాను.

సాయంత్రానికి ఆమెను మళ్లీ ప్యాకింగ్ లైన్‌కు పంపేశారు.

తర్వాతి సెలవు రోజున ఒక్కడినే వెళ్లాను. పాత వెర్షన్‌వి ఏవేవి మిగిలాయో వెతికాను. లేబుళ్లను వరుసలో పెట్టి ప్రింటర్‌కు పంపే ప్యాకేజీ పాతదే ఉంది, చుట్టూ ఉన్నవన్నీ కొత్తవి. రెండూ పొసగకే అప్పుడప్పుడు ముందు లేబులే మళ్లీ వెళ్తోంది. మధ్యలో ఆగినవాటిని పూర్తి చేయించి, పాతవాటి చోట కొత్తవి వేసి, దేనికీ అక్కరలేనివి తీసేశాను. పెద్ద పనేం కాదు. పండుగ మర్నాడే చేయాల్సింది.

ఆ తర్వాత ఒక్క లేబులూ రెండోసారి రాలేదు. "సూసిన్రా, ఆమెను లేపంగనే అంత సక్కగయింది" అన్నాడు సూపర్‌వైజర్. నేను చేసిన మరమ్మతే ఆమె తప్పుకు రుజువైంది. అప్పుడూ నోరు విప్పలేదు.

ఎండాకాలంలో ఒకరోజు ఇస్నాపూర్ చౌరస్తాలో ఆమె ఆటో కోసం నిలబడి కనిపిస్తే, పక్కకు పిలిచి అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను.

"ఒక్కసారే ఒత్తిన సంగతి నాకెర్కే సార్. నాకెందుకు చెప్తున్నరు? ఎర్క లేనోళ్లకు చెప్పున్రి. లైన్ల ఇప్పటికీ నన్ను డబల్ లేబుల్ అక్కా అంటున్నరు."

మర్నాడు సూపర్‌వైజర్‌కు, మేనేజర్‌కు చెప్పాను. "అయిపోయినదాన్ని ఎందుకండీ తవ్వడం? ఆవిడా అక్కడ అలవాటు పడిపోయారు" అన్నారు మేనేజర్ గారు. అక్కడితో ఊరుకోవడం నాకు బాగా అలవాటు. ఈసారి ఊరుకోలేక టీ వేళకు ప్యాకింగ్ లైన్‌కు వెళ్లి, పూజ రోజు నుంచి మొదలుపెట్టి అందరి ముందూ చెప్పాను.

"అయితే ఇగ డబల్ లేబుల్ అన్న అనాలె" అన్నారెవరో వెనక నుంచి.

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి, టేపు చుట్ట తీసుకుని, తన చోటికి వెళ్లి నిలబడింది.

ఆ పేరు నాకు స్థిరపడిపోయింది. ఆమె కుర్చీలో మాత్రం వేరే మనిషి కూర్చుంటున్నాడు.