పుస్తకం పక్కన ఫోన్

నేను మొదటినుంచీ అనుమానపు మనిషిని. తిరువళ్లూరులో ఆఫీసుకు తాళం వేసి, మెట్లు దిగి, మళ్లీ ఎక్కి ఆ తాళాన్ని ఒకసారి లాగి చూడనిదే తిరుత్తణి రైలెక్కను. ఇలాంటివాడికి పదిహేనేళ్ల కూతురుంటే ఆ ఇంట్లో గాలి కూడా సంజాయిషీ ఇచ్చుకోవాలి.

పోయిన వేసవి సెలవుల్లో బీరువా మీది అట్టపెట్టె దించి, అందులోంచి ఒక నవల తీసి ఆమె చేతిలో పెట్టాను. దాని అట్ట ఎప్పుడో ఊడిపోయింది. మొదటి రెండు పేజీలూ లేవు. అందుకే పేరేమిటో నాకూ తెలియదు. మీసం మొలవలేదని బెంగపడే ఒక పదో తరగతి కుర్రాడి కథ అది. వాడు సెలూన్ మామ దగ్గర రహస్యంగా ఏదో పసరు పూయించుకుంటాడు. పెదవి బూరెలా వాస్తుంది. ఆ పెదవితోనే బడి వార్షికోత్సవంలో రాజు వేషం వేస్తాడు. చదువుతుంటే నవ్వలేక కడుపు నొప్పి పుడుతుంది. చివరికొచ్చేసరికి మనకు తెలియకుండానే వాడు పెద్దవాడైపోయి ఉంటాడు. ఆ ఈడు పిల్లలకు ఇంతకంటే మంచి పుస్తకం లేదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అదే అంటాను.

"నీ వయసులో నేను దీన్ని ఒక్క పగల్లో చదివేసినా, తెలుసునా?" అన్నాను.

"సరి నాయినా," అని తీసుకుంది.

రోజూ సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి మిద్దె మీద ఉండేది. ఒళ్లో పుస్తకం, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతిలో ఫోన్. మొదటి రోజు మురిసిపోయాను. మూడో రోజు ఒక సంగతి గమనించాను. నవ్వుతోంది కానీ కళ్లు పేజీ మీద లేవు. ఎదురుగా ఉన్న తిరుత్తణి కొండ వైపు చూస్తూ నవ్వుతోంది. నా అడుగుల చప్పుడు వినబడగానే ఫోన్ బోర్లా పడింది.

"ఏం చేస్తా ఉండావు?"

"సుమ్మా, ఊరికే చదువుతా ఉండాను నాయినా."

చదివేవాళ్లు కొండను చూసి నవ్వుతారా? వంటింట్లోకి వెళ్లి నా భార్యతో చెప్పాను. "పుస్తకం ఇచ్చేదీ మీరే, అనుమానపడేదీ మీరేనా?" అని ఆమె దోసె తిప్పింది.

అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. మర్నాడు కూతురికి ఒక పరీక్ష పెట్టాను. సెలూన్ మామ కుర్రాడితో ఏమంటాడో చెప్పమన్నాను. ఆమె తడుముకోకుండా, కాస్త ముక్కుతో సాగదీస్తూ, "మీసం అనేది పిలిస్తే వచ్చేది కాదురా అబ్బిగా. దాన్ని మర్చిపో, అదే వస్తాది," అంది. మాట పొల్లు పోలేదు. నేను సంతోషించాలి కదా? నా భయం రెట్టింపైంది. ఎక్కడ సాగదీయాలో అచ్చులో ఉండదు. ఎవరో ఈమెకు ఈ కథ చెబుతున్నారు. ఆ సాగదీత ఎక్కడో విన్నట్టూ ఉంది. ఎవడో తెలుగు వచ్చిన పిల్లోడు, కథ బాగా చెప్పగలిగినవాడు. అలాంటివాడు మరీ ప్రమాదం అని తేల్చుకున్నాను.

శుక్రవారం నాడు రోజూ ఎక్కేదానికంటే ఒక రైలు ముందే వచ్చేశాను. చెప్పులు కిందే వదిలి, పిల్లిలా మెట్లెక్కాను. ఆమె ఫోన్‌తో పేజీని ఫోటో తీసి ఎవరికో పంపింది. తర్వాత ఏదో నొక్కి వినసాగింది. వెనకనుంచి వెళ్లి ఫోన్ లాక్కున్నాను.

"ఎవుడు వాడు?"

ఇయర్‌ఫోన్ తీగ ఊడింది. ఫోన్‌లోంచి మా అక్క గొంతు బయటికొచ్చింది. ఊత్తుకోట దగ్గర వాళ్ల పల్లెలో, పశువుల కొట్టం పక్కనే కూర్చుని మాట్లాడినట్టుంది, వెనకాల ఆవు అరుస్తోంది. "ఈ పొద్దుకు ఇంత చాలు పాపా. పాలోళ్లు వచ్చినారు. రేపు రాజు వేషం చదవతాను. మీ నాయినకు చెప్పొద్దులే, నొచ్చుకుంటాడు. వానికీ ఈ పుస్తకం నేనే చదివి వినిపించినా, నీ వయసులో. అప్పుడు వానికి తెలుగులో ఒక్కక్షరం వచ్చేది కాదు."

నిజం. అక్క చదివే రోజుల్లో మా బడిలో తెలుగు సారు ఉండేవాడు. నా వంతు వచ్చేసరికి ఆయన రిటైరయ్యాడు, నేను తమిళంలో చదువుకున్నాను. ఇంట్లో తెలుగు మాట్లాడతాం కాబట్టి తెలుగు వచ్చినట్టే అని అందరూ అనుకున్నారు. అక్క ఈ నవల నాకు చదివి వినిపించాక, తెలిసిన మాటల మీద వేలు పెట్టుకుంటూ అక్షరాలు పట్టుకున్నాను. ఆ సంగతి ఎప్పుడు మర్చిపోయానో తెలియదు. ఒక్క పగల్లో చదివానన్న అబద్ధాన్ని మాత్రం నేనే నమ్మేశాను. అదే తప్పు నా కూతురి విషయంలోనూ చేశాను. చదవగలవా అని ఒక్కసారైనా అడగలేదు.

"నాకు ఒత్తులు రావు నాయినా," అంది, కళ్లు తుడుచుకుంటూ. "నా బిడ్డ తెలుగు చదవతాది అని నువ్వు అందరికీ చెప్పినావు. రాదని ఎట్ల చెప్పేది?" ఫోన్ నా చేతిలోనే వదిలేసి కిందికి వెళ్లిపోయింది.

మర్నాటినుంచి అక్కకు పేజీలు పంపడం మానేసింది. నేను ఆఫీసునుంచి రాగానే ఫోన్ తెరిచి నా ముందు పెట్టేది. "చూసుకో," అనేది, అంతే. అబద్ధం ఎందుకు, మొదటి రోజు చూశాను కూడా. రెండో రోజు ఆ ఫోన్ చూస్తేనే సిగ్గేసింది.

నవల్లో ఇంకా నాలుగు అధ్యాయాలున్నాయి. పుస్తకం తీసుకుని, మిద్దె మీద ఆమె పక్కన కూర్చుని పైకి చదవడం మొదలుపెట్టాను. ఆమె అటు తిరిగి కూర్చుంది.

"అత్త మాదిరి లేదు," అంది కాసేపటికి.

"ఉండదు," అన్నాను.

రాజు వేషం దగ్గర ఆపుకోలేక నవ్వింది. అయినా మర్నాడు ఫోన్ నా ముందుకొచ్చింది. ఆ తర్వాతి రోజూ వచ్చింది.

చివరి అధ్యాయం రోజు నేను వెళ్లేసరికి చాప పరిచి ఉంది. దాని మీద పుస్తకం తెరిచి ఉంది. నేను అలవాటుగా చుట్టూ చూశాను.

"ఫోన్ యాడ?"

"కింద ఉండాది నాయినా. తెచ్చేదా?"

వద్దన్నాను. ఆమె పక్కన కూర్చుని పుస్తకం ఒళ్లోకి తీసుకున్నాను. మొదటి వాక్యం రెండుసార్లు చదవాల్సి వచ్చింది.