పీరమ్మ కాపురం చేసిన బండి

పీరమ్మ బద్వేలులో చమురు అమ్ముకునేవాళ్ల బిడ్డ. నేను రెండో తరగతి దాకా అయినా పోయాను, ఆమెకు అదీ లేదు. కానీ అడగడం మొదలుపెట్టిందంటే ప్లీడర్లు కూడా నీళ్లు నమలాల్సిందే. పెళ్లయి వచ్చిన రోజే, పొయ్యి పొగ ఈ పక్కకే ఎందుకు వస్తుందని అత్తను అడిగి తిట్లు తిన్నదట.

ఆమె మొగుడు ఖాసిం సాహెబ్ మా నాటకాల కంపెనీ బండికి డ్రైవరు. అప్పటికి యుద్ధం ఇంకా రాలేదు. నేను రాణి వేషాలు వేసేదాన్ని. నిజం రాణులు వచ్చి నేర్చుకోవాలని జనం అనేవాళ్లు, ఆ సంగతి అలా ఉంచండి. ఆ బండిని ఎవరో దొర వేటకు తిరగడానికి కట్టించుకున్నాడు. లోపల పడుకోను బల్లలు, గిన్నెలకు అర, వెనక తలుపు పైకెత్తితే వంటకు నీడ. అది ముసలిదయ్యాక మా కంపెనీ యజమాని పుల్లయ్య కొన్నాడు. మేమంతా ఏ ఊరికి పోతే ఆ ఊరి సత్రంలో దిగేవాళ్లం. ఖాసిం, పీరమ్మల కాపురం మాత్రం బండిలోనే. వాళ్లకు వేరే ఇల్లు లేదు.

ఆ ఏడు దసరాకు కమలాపురంలో ఉన్నాం. ఆయుధపూజనాడు పుల్లయ్య తల్లి రామసుబ్బమ్మ మద్దెలకు, హార్మోనియానికి, చెక్క కత్తులకు పసుపూ కుంకుమా పెట్టి బండి దగ్గరికి వచ్చింది. ఆ బండికి పెట్రోలు టాంకీ అద్దం ముందరే ఉండేది, దాని మూత బయటికి కనబడేది. బండికి నొసలు అదేనని ఆమె ఆ మూతకు దిట్టంగా పసుపు మెత్తింది. ప్రతి శుక్రవారం దాని మీదనే మళ్లీ మెత్తేది. ఖాసిం బండినంతా అద్దంలా తుడిచేవాడు గానీ ఆ పసుపు జోలికి పోయేవాడు కాదు. పెద్దావిడ పెట్టిన బొట్టు తాను చెరపడమేమిటని మూతను అంచులు పట్టుకునే తిప్పేవాడు.

తర్వాత కొన్నాళ్లకు బండికి జబ్బు పట్టుకుంది. కాస్త దూరం పోవడం, దగ్గడం, ఆగిపోవడం. ఖాసిం దిగి టాంకీలో పుల్ల ముంచి చూస్తే పెట్రోలు ఉండేది. గొట్టం విప్పి ఊదేవాడు, నలకలు కడిగేవాడు. బండి కదిలేది. ఇంకాస్త దూరం పోయి మళ్లీ ఆగేది.

కడప దాటి మైదుకూరు దారిలో, పిట్టకు కూడా నీడ లేని చోట ఆగినప్పుడు పుల్లయ్యకు ఒళ్లు మండింది.

"ఏమప్పా ఖాసిం, పెట్రోలు అమ్ముకొని కిరసనాయిలు పోస్తాండావా? చమురోళ్ల అల్లునివి కదా."

ఖాసిం ముఖం నల్లబడింది. పీరమ్మ కిందికి దిగి పుల్ల వాసన చూసింది.

"కిరసనాయిలు వాసన నాకు పుట్టినప్పట్నుంచీ తెలుసు సామీ. ఇది అది కాదు."

"మొగుని తరఫున నువ్వు సాచ్చెమా? ఇంగొకసారి ఆగిందంటే మైదుకూరులో మీ చట్లు, చాపలు దించుకోండి. నేను వేరే డ్రైవర్ని చూసుకుంటా."

బండి కదిలింది. ఈసారి పీరమ్మ వెనక కూర్చోలేదు, మొగుని పక్కన చేరి రెప్ప వేయకుండా చూసింది. మళ్లీ దగ్గు మొదలవగానే ఖాసిం భయపడి, పూర్తిగా ఆగకముందే బండిని పక్కకు తీసి మూత తిప్పాడు. పుల్లయ్య అప్పుడు కునుకు తీస్తున్నాడు.

"హుస్సుమన్నాదే, అదేంది?"

"గాలి."

"లోపలికి పోతాందా, బయటికొస్తాందా?"

"నా కాపురం పోతాంది. ఊరికే ఉండవే."

ఆమె ఊరికే ఉండే మనిషా? మూత బిగించి, కాసేపు ఇంజను ఆడించి మళ్లీ తియ్యమంది. తన పైటకొంగు నుంచి ఒక దారప్పోగు లాగి మూత అంచున పట్టుకుంది. మూత వదులు కాగానే పోగు లోపలి వైపుకు వంగింది.

"మా నాయన చమురు డబ్బాకు ఒక్క బొక్క పెడితే గుటుక్కు గుటుక్కుమని నిలిచిపోతాది. గాలికి ఇంగో బొక్క పెడితేనే ధార. ఈ మూతకు బొక్క ల్యాదా?"

"ఉండాది. సూది పట్టేంత."

"యాడ?"

ఖాసిం మూత వంక చూశాడు. గట్టిపడిన పసుపు వంక చూశాడు. బండిలో తమలపాకు నములుతున్న రామసుబ్బమ్మ వంక చూసి నోరు మూసుకున్నాడు.

"వదులుగా పెట్టి తోలు," అంది పీరమ్మ.

బండి దగ్గకుండా పోయింది. ఇంకొకరైతే అంతటితో సంతోషించేవాళ్లు. ఈ మహాతల్లి మాత్రం, సంగతి అదో కాదో తేలాలని మూత బిగించమంది. కాస్త దూరం పోగానే బండి నిలువునా ఆగింది. పుల్లయ్య కళ్లు తెరిచాడు.

"అయిపాయె. ఇంగ దిగండి."

"ఎంత పని చేస్తివే," అన్నాడు ఖాసిం నీరసంగా.

పీరమ్మ పుల్లయ్యను చూడనైనా చూడలేదు. నేరుగా రామసుబ్బమ్మ దగ్గరికి పోయింది. నా నోటికి జంకని ఆడది ఆ కంపెనీలో ఆ ముసలామె ఒక్కతే.

"అవ్వా, నీ బండికి ఊపిరాడడంల్యా. ముక్కు మూసినారు."

"ఎవరే మూసింది?"

"నువ్వే."

ముసలామె దిగివచ్చి, చూపించమంది. పీరమ్మ పోగు వంగడం చూపించింది, ఖాసిం బొక్క ఉండవలసిన చోటు వేలితో చూపించాడు, తాకకుండా. రామసుబ్బమ్మ తన తాళికున్న పిన్నీసు తీసి, తాను మెత్తిన పసుపును తానే పొడిచి బొక్క తెరిచింది. ఖాసిం మూత బిగించి ఇంజను తిప్పాడు. బండి ఆడుతూనే ఉంది.

"పుల్లయ్యా, నీ డ్రైవరు కిరసనాయిలు పోయల్యా. మీయమ్మ పసుపు పూసింది. నన్నెప్పుడు దించుతావో చెప్పు, చాప చుట్టుకుంటా," అంది రామసుబ్బమ్మ.

పుల్లయ్య రోడ్డు వంక చూశాడు. "ఎక్కమ్మా, పొద్దుపోతాంది," అన్నాడు. కొంచెం ఆగి, "ఎక్కప్పా ఖాసిం," అన్నాడు.

ఆ తర్వాత కూడా రామసుబ్బమ్మ శుక్రవారం బొట్టు మానలేదు. ముందుగా పీరమ్మ బొక్కలో తుమ్మముల్లు గుచ్చేది, పసుపు ఆరాక తీసేసేది. ఇద్దరు బిడ్డల్ని ఆ బండిలోనే కనింది.

బండికి ఊపిరాడిన ఆ సాయంత్రం మైదుకూరులో పీరమ్మ చట్లు దించింది, వంట చేసుకోవడానికే. పొయ్యి రాజేస్తూ నన్ను అడిగింది.

"గాలి పోకుంటే పెట్రోలు ఎందుకు రాదమ్మా? దానికి ఊపిరితో ఏం పని?"

నాకు తెలియదు. తెలియదని ఆమెతో అంటానా? కూడు మాడుతోంది చూసుకోమన్నాను.