నీళ్లు పోసే అవ్వ కాళ్లు

మా ఊళ్లో పసిపిల్లలకు నీళ్లు పోసే అవ్వ పోయింది. మా ఊరి వైపు నుంచి కుండల బండితో వచ్చిన ముసలాయన నకిరేకల్‌లో మా కిరాయి ఇంటి ముందు ఆగి, ఎద్దుల వైపు చూస్తూ ఆ మాట చెప్పాడు. మూడు రోజుల జ్వరమట. దారి పొడవునా తనిఖీలున్నాయని, దవాఖానకు తీసుకుపోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదట. అక్క చేతిలో బియ్యం చేట అట్లాగే ఉండిపోయింది. అక్క కూతురికి ఇప్పుడు మూడో ఏడు. ఆ పిల్ల బతికి ఉన్నది అవ్వ వల్ల. అది చెప్పడానికే రాస్తున్నాను. అందులో నా తప్పు కూడా ఉంది.

అవ్వ మాకు చుట్టం కాదు. మోత్కూరు దగ్గరి మా ఊళ్లో ఏ ఇంట్లో కాన్పయినా పిల్లకు నీళ్లు పోసేది ఆమే. పొద్దున్నే తన పెరట్లో బండ మీద కాళ్లు చాపుకుని కూర్చునేది. తల్లులు పిల్లలతో వరుసగా కూర్చునేవారు. వంతు వచ్చేదాకా మాటలన్నీ పాల గురించే, కడుపుల గురించే. ఒకామె వాము నమిలి బొడ్డు మీద ఊదమనేది. ఒకామె ఇంగువ పట్టు వేయమనేది. అవ్వ అందరి మాటా వినేది. తర్వాత పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకుని పొట్టకు చెవి ఆనించేది.

"ఏమంటాంది అవ్వా, లోపల?" అని అడిగేవారు.

"మీకంటె తక్కువనే మాట్లాడుతాంది" అనేది.

నిజాం పాలన చివరి ఎండాకాలంలో, దారులు బాగా లేవని బాపు నన్ను పట్నం కాన్వెంటు నుంచి ఇంటికి తీసుకొచ్చాడు. అక్క అప్పుడే కన్నది. బావ నిజాం మీద పోరాడే సంఘంలో చేరి అడవికి పోయాడు. తుపాకులతో లారీల్లో తిరిగే నిజాం మనుషులు అట్లాంటి వాళ్ల ఆడవాళ్లను పట్టుకుపోతున్నారు. పక్క ఊరి బాలింత ఒకామెను పిల్లతో సహా తీసుకుపోయారు. ఆ పిల్ల ఏడుపే ఇల్లు పట్టిచ్చిందని చెప్పుకున్నారు. ఆ తల్లీ పిల్లా తిరిగి రాలేదు.

నా పెట్టెలో పిల్లల పెంపకం మీద ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉండేది. నాలుగు గంటలకు ఒకసారే పాలు పట్టాలని అందులో ఉంది. బాపు గడియారం ముందు పెట్టుకుని అక్క పక్కన కూర్చున్నాను. వేళ కాకముందు పాలియ్యనిచ్చేదాన్ని కాదు. పిల్ల ఏడ్చి ఏడ్చి, వేళయ్యాక గబగబా తాగేది. పొట్ట డప్పులా ఉబ్బేది. మళ్లీ ఏడుపు. ఆ ఏడుపు వీధి చివరికి వినబడేది.

అవ్వకు సంగతి తెలిసింది. కోప్పడలేదు.

"ఆకలయ్యేది గడియారానికా, పిల్లకా బిడ్డా?" అంది. "అడిగినప్పుడు తాగియ్యుమను. తాగినంక భుజాన ఏసుకుని తేన్పు రానియ్యి. గంతే."

వరుసలో కూర్చున్నామె నవ్వింది. "మా పట్నం పిల్ల బుక్కుల తేన్పు లేదేమో అవ్వా."

ఆ నవ్వినామే తర్వాత నన్ను పక్కకు పిలిచి నల్లమందు ఇచ్చింది. "ఆవగింజంత పెట్టు. రెండు గంటలు కదలది. లారీ వచ్చిన్నాడు పనికొస్తది." అవ్వ ఎన్నోసార్లు వద్దన్నదే అది. "నల్లమందుకు కడుపు బిగుసుకుంటది. ఇంక ఏడ్వది. ఏడ్వని పిల్లంటెనే నాకు భయం" అనేది. అయినా నేను దాన్ని కొంగున ముడేసుకున్నాను.

అడిగినప్పుడల్లా పాలిస్తుంటే పిల్ల కుదుటపడసాగింది. ఉబ్బరం మాత్రం పూర్తిగా పోలేదు.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం లారీ వచ్చింది. ఆడవాళ్లం అవ్వ పెరడు వెనక జొన్నచేలో దూరాము. మనిషెత్తు చేను, గాలి లేదు. పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. అక్క దాని నోటి మీద చెయ్యి పెట్టింది. "పెట్టరాదే, పెట్టు" అని నా వెనక ఎవరో గుసగుసలాడారు. నేను కొంగు ముడి విప్పాను.

అవ్వ నా అరచేతిలోది చూసింది. ఒక్క దెబ్బతో దాన్ని మట్టిలో పడగొట్టింది. అక్క చేతిలోంచి పిల్లను తీసుకుంది.

"నీళ్లు పోస్తుంటె ఏ పిల్లయినా ఏడుస్తది. గిట్లనే పండున్రి" అని గట్టు దాటి పెరట్లోకి పోయింది.

మేము నేలకు ముఖాలు ఆనించి విన్నాం. చెంబు చప్పుడు. పిల్ల గొంతు చించుకుని ఏడవడం. తర్వాత బూట్లు.

"ఎవరి పిల్ల?"

"నా మనుమరాలు."

"తల్లేది?"

"కలుపుకు పోయింది."

"ఎందుకట్ల ఏడుస్తాంది?"

"కడుపునొప్పి, సారూ. నువ్వు గూడ గిట్లనే ఏడ్చి ఉంటవు. మీ అమ్మనడుగు."

ఎవరో నవ్వారు. వెంటనే కట్టె విరిగినట్టు ఒక చప్పుడు. పిల్ల ఏడుపు ఆగిపోయింది. అక్క గోళ్లు నా చేతిలో దిగాయి. ఎంతసేపో నాకు తెలియదు. మళ్లీ చెంబులో నీళ్ల చప్పుడు వినబడింది. దాని వెనకే ఏడుపు.

లారీ పోయాక పరుగెత్తాము. అవ్వ బండ మీద అట్లాగే కూర్చుని ఉంది, కాళ్లు చాపుకుని. తుపాకి మడమతో కొట్టిన చోట కుడికాలు వాచి, నల్లబడుతోంది. పిల్ల ఆ కాళ్ల మీదనే ఉంది.

"కాలు గుంజుకోకపోతివా అవ్వా" అని అక్క ఏడ్చింది.

"పిల్ల పడుకుని ఉన్నది గద. ఎట్ల ముడుస్త?"

ఆ తర్వాత ఆ కాలు మునుపటిలా చాపడానికి రాలేదు. అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని చెప్పేది, నేను బండ మీద కాళ్లు చాపుకుని పోసేదాన్ని. చెప్పింది రాసుకుంటానంటే, "రాస్తె చేతికొస్తదా? మెడ కింద చెయ్యి పెట్టు ముందు" అనేది. మేము ఊరు వదిలిన రోజు పిల్ల పొట్టకు చెవి ఆనించి చాలాసేపు విన్నది.

ఆ లారీలు పోయాయి. ఇప్పుడు సంఘం వాళ్లను వెతుకుతూ కొత్త సర్కారు లారీలు తిరుగుతున్నాయి. బావ ఇంకా అడవిలోనే ఉన్నాడు.

కుండల బండి పోయిన సాయంత్రం మా వీధిలో లారీ ఒకటి నెమ్మదిగా వచ్చింది. అక్క తలుపు గడియ పెట్టింది. పిల్ల ఏడవలేదు. నేల మీద కూర్చుని కాళ్లు చాపుకుంది. గుడ్డబొమ్మను కాళ్ల మీద పడుకోబెట్టి, ఖాళీ గ్లాసుతో నీళ్లు పోస్తోంది. ఎవరూ నేర్పలేదు. రెండో చేత్తో బొమ్మ నోరు గట్టిగా మూసి పట్టుకుంది.