చుట్టీ అయ్యేలోపు కాన్పు

నవంబర్ నెలలో, మధ్యాహ్నం 1340 గంటలకు పోస్టు చేరాను. కింది క్యాంపు నుంచి రెండు రోజుల నడక. వీపు మీద ఇరవై రెండు కిలోల బరువు. అందులో ఎనిమిది కిలోలు రేడియో సెట్టు, బ్యాటరీలు. ఆ కొండ పేరు చెప్పను. మా విసాపూర్ దోస్తులు ఇప్పటికీ అడుగుతారు, "అరే, పెన్షన్ తీసుకుంటున్నవ్ గదా, ఇప్పుడు చెప్తే ఏమైతది?" అని. ఏమీ కాదు. అయినా చెప్పను. అలవాటు.

పోస్టులో తొమ్మిది మందిమి. రాతి గోడలు, ఇసుక బస్తాలు, పైన రేకులు, మధ్యలో కిరోసిన్ పొయ్యి. పగటి ఎండలో కూడా సున్నాకు పది డిగ్రీలు కింద. బ్యాటరీలు చలికి చచ్చిపోతాయని వాటిని నా స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుని పడుకునేవాణ్ణి. "పెళ్లాం ఊళ్లో, బ్యాటరీతో కాపురం ఇక్కడ" అని మా సుబేదార్ సాబ్ నవ్వేవాడు. గంటకోసారి కిందికి మాట్లాడడం నా పని. వాతావరణం, గస్తీ, మిగిలిన కిరోసిన్. ప్రతి మాటా టైముతో సహా లాగ్ పుస్తకంలో రాయాలి. సెట్టు మీద కూర్చునే మనిషి మారితే, కొత్తగా వచ్చినవాడు ఆ పుస్తకాన్ని వరసగా పైకి చదివి సంతకం పెట్టాలి. అది సుబేదార్ సాబ్ నియమం.

ఇంటికి ఫోన్ వారానికొకసారి, నాలుగు నిమిషాలు. నేను కొండెక్కే నాటికి నా భార్య లావణ్యకు నాలుగో నెల.

మార్చిలో చుట్టీ, అంటే సెలవు, మంజూరైంది. దారి పోగా ఇంట్లో పది రోజులు. ఆ రోజు టీ తాగుతూ నర్సింగ్ అసిస్టెంట్ నా పక్కన కూర్చున్నాడు. కేరళవాడు. పోస్టు మొత్తానికి వైద్యం తెలిసినవాడు అతనొక్కడే. మాటలు హిందీలోనే, మీకు తెలుగులో చెబుతున్నాను.

"ప్రసవం తారీఖు ఎప్పుడు?"

"నేను ఇల్లు చేరిన మూడో రోజు."

"తొలి కాన్పు భాయ్. రాసిన తారీఖుకే పుట్టాలని పిల్లలకు ఆర్డరేమీ ఉండదు. నీ చుట్టీ అయిపోతోందని ఇంట్లో ఎవరో ఒకరు తొందరపడతారు. నడిపిస్తే నడిపించనీ. ఖర్జూరాలు పెడితే తిననీ. ఆముదం, కషాయం మాత్రం తాగించొద్దు. పొట్ట పాడవుతుంది, ఒంట్లో నీళ్లు పోతాయి, బిడ్డకు కష్టమవుతుంది. విన్నావా?"

"విన్నాను."

"రిపీట్ చెయ్."

రేడియోవాణ్ణి కదా, నవ్వుతూ అప్పజెప్పాను. ఆముదం వద్దు. కషాయం వద్దు. ఓవర్.

తొలి కాన్పు పుట్టింట్లో చెయ్యాలి కాబట్టి లావణ్య గోండ్‌పిప్రిలో ఉంది. వాళ్లది బజారులో కిరాణా దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు. గల్లా దగ్గర మరాఠీ, వంటింట్లో తెలుగు. ఏప్రిల్ ఎండ నలభై మూడు డిగ్రీలు. మంచులోంచి వచ్చినవాణ్ణి, మొదటి రోజంతా బకెట్లో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాను. లావణ్య నన్ను చూసి ఒకటే నవ్వు. "తొమ్మిది నెలలు మోస్తున్నది నేను, ఆయాసపడుతున్నది మీరు" అంది. నవ్వితే కడుపు అదిరేది. దాని మీద నా చెయ్యి పెట్టుకుని, లోపలివాడు తన్నేదాకా తియ్యనిచ్చేది కాదు.

తారీఖు వచ్చింది, పోయింది. నాలుగు రోజులు దాటింది. చంద్రపూర్ దవాఖానలో డాక్టరమ్మ చూసింది. బిడ్డ గుండె బాగుంది, ఉమ్మనీరు బాగుంది. సోమవారం దాకా నొప్పులు రాకపోతే చేర్చుకుని మందిస్తాం అంది. అంతా సరిగ్గానే ఉంది. నా రైలు ఒక్కటే శనివారం ఉంది.

చుట్టీ పొడిగించమని సుబేదార్ సాబ్‌కు ఫోన్ చేశాను. "నీ బదులు సెట్టు మీద కూర్చున్న కుర్రాడి చెల్లెలి పెళ్లి. నువ్వు ఎక్కితేనే అతను దిగుతాడు. నువ్వే చెప్పు" అన్నాడు. ఏం చెబుతాను? వస్తానన్నాను.

మా అత్తమ్మ సంగతి చెప్పాలి. పాతకాలపు మనిషి. అల్లుడితో నేరుగా మాట్లాడేది కాదు. నాకు చెప్పాల్సింది ఏదైనా కూతురికి చెప్పేది, నాకు వినపడేంత గట్టిగా. "అల్లునికి ఇంకింత అన్నం పెట్టవే", "అల్లుడు సనివారం పోతడట గదనే, బిడ్డ మొకం సూడకుంటనే పోతడా?" చుట్టీ పెట్టుకుని అంత దూరం నుంచి వచ్చిన అల్లుడు ఉత్త చేతులతో తిరిగిపోవడం ఆమెకు తల తీసేసినట్టుగా ఉంది. ఖర్జూరాలు పెట్టింది. పొద్దున, సాయంత్రం బజారు చుట్టూ నడిపించింది. బుధవారం దాకా అంతే.

గురువారం పొద్దున వంటింట్లోంచి గ్లాసుతో వచ్చింది. వేడి పాలు, అందులో ఆముదం. దుకాణంలోదే, కొత్త డబ్బా విప్పింది. నా ముందు నిలబడింది. తల మీది కొంగు సర్దుకుంది.

"నేనిస్తే తాగది. నువ్వియ్యి బిడ్డా. సాయంత్రానికల్ల నీ చేతుల పిల్లనో పిల్లగాన్నో పెడ్త."

పెళ్లయిన రెండేళ్లలో ఆమె నాతో నేరుగా అన్న మొదటి మాటలు అవి. బిడ్డా అంది. నేను గ్లాసు అందుకున్నాను. నాకు తెలియక కాదు. నెల క్రితం అప్పజెప్పిన పాఠం అక్షరం పొల్లు పోకుండా నోట్లోనే ఉంది. కానీ నాకూ బిడ్డను చూడాలని ఉంది. ఒక్కసారి, ఒక్క గంట. లావణ్యకు ఇచ్చాను. తాగింది. 0640.

0820కి వాంతి. తొమ్మిది నుంచి విరేచనాలు. పదిన్నరకు లేచి నిలబడే ఓపిక లేదు. పెదవులు ఎండిపోయాయి. కడుపు రాయిలాగా గట్టిపడుతోంది, వదిలినట్టే వదిలి మళ్లీ పట్టేస్తోంది. "నొప్పులేనే, అవే వస్తున్నయ్" అని అత్తమ్మ సంబరపడింది. 1115కి లావణ్య నా చెయ్యి తీసుకుని కడుపు మీద పెట్టుకుంది. చాలాసేపు పట్టుకుంది.

"పొద్దటి సంది మెసులుతలేదు" అంది.

జీపు మాట్లాడుకుని బయల్దేరాం. గంటన్నర దారి. వెనక సీట్లో ఆమె తల నా ఒళ్లో. చెంచాతో నీళ్లు పోస్తే కక్కేస్తోంది. డ్రైవర్‌ను ఎన్నిసార్లు కసురుకున్నానో, పాపం. 1305కి దవాఖాన.

సిస్టర్ నాడి పట్టుకుని, ముఖం చూసి, మరాఠీలో అడిగింది, "ఘరీ కాయ్ దిలం?" ఇంట్లో ఏమిచ్చారని.

అత్తమ్మ చప్పున అంది, "కాహీ నాహీ, సిస్టర్." ఏమీ లేదట. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి.

నేను ముందుకొచ్చాను. "ఆముదం. పాలల్లో కలిపి. పొద్దున 0640కి. నేనే ఇచ్చాను."

సిస్టర్ రాస్తున్న పెన్ను ఆపి డాక్టరమ్మను కేకేసింది. సెలైన్ ఎక్కించారు. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టారు. కడుపు మీద యంత్రం ఆనించి గుండె కోసం వెతకడం మొదలుపెట్టారు. గాలి హోరులోంచి మనిషి గొంతు పట్టుకోవడం నా ఉద్యోగం. ఆ గదిలో హోరు తప్ప నాకేమీ వినపడలేదు. యంత్రం ఇటు జరిపారు, అటు జరిపారు. దేవుడా, నా సర్వీసంతా తీసుకో, ఆ చప్పుడొక్కటి ఇయ్యి అనుకున్నాను. అప్పుడు దొరికింది. మరీ వేగంగా, దడదడా కొట్టుకుంటోంది. డాక్టరమ్మ దాన్ని చాలాసేపు విన్నాకే నా వైపు తిరిగింది.

"నొప్పులు రావడానికి మందు మేమూ ఇస్తాం. కానీ బిడ్డ గుండె వింటూ ఇస్తాం. బిడ్డ తట్టుకోలేకపోతే ఆపేస్తాం, అవసరమైతే పక్క గదిలోనే ఆపరేషన్ చేస్తాం. మీరు ఏం వింటూ ఇచ్చారు?"

అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆమెను తిట్టబుద్ధి కాలేదు. నన్ను నేను తిట్టుకున్నాను.

సాయంత్రం అయిదింటికి గుండె చప్పుడు నెమ్మదించి దారిలో పడింది. కడుపు వదులైంది. బిడ్డ కాలు ఆడించింది. పొట్టంతా ఖాళీ చేసిన ఆముదం కాన్పును మాత్రం తేలేదు. ఇక ఇంటికి పంపం, సోమవారం మందు పెడతాం, అప్పటిదాకా వార్డులోనే అన్నారు.

శనివారం పొద్దున వార్డులోనే చెప్పి బయల్దేరాను. లావణ్య నా జేబులో బిస్కెట్ పొట్లం పెట్టింది. "పోండ్రి. నాకు ఈడ డాక్టరమ్మ ఉన్నది, సిస్టర్లున్నరు. మీకే ఎవ్వరు లేరు" అంది. అలా అని నా చొక్కా గుండీ పట్టుకుని వదల్లేదు. బల్లార్షాలో రైలు 1015కి కదిలింది.

కింది క్యాంపు చేరే వేళకు మంచు కురిసి ఫోన్ లైన్లు పడిపోయాయి. సోమవారం అయింది, మంగళవారం అయింది. కబురు లేదు. బుధవారం పొద్దున బయల్దేరి రెండు రోజులు ఎక్కాను. నడుస్తుంటే ఆ గదిలోని హోరే చెవుల్లో.

పోస్టు చేరింది 1510కి. నర్సింగ్ అసిస్టెంట్ నన్ను చూసి కళ్లు దించుకున్నాడు. సెట్టు మీది కుర్రాడు లాగ్ పుస్తకం నా ముందుకు తోశాడు.

"ముందు ఇంటి కబురు చెప్పు" అన్నాను.

"డ్యూటీ మార్పిడి. వరసగా చదువు. పైకి" అన్నాడు సుబేదార్ సాబ్.

చదివాను. సోమవారం 0600, మంచు. 0700, గాలి ఉత్తరం నుంచి. గస్తీ వెళ్లింది. గస్తీ వచ్చింది. కిరోసిన్ నాలుగు క్యాన్లు. ఒక పేజీ, రెండు పేజీలు. మంగళవారం. బుధవారం 1000, ఆకాశం నిర్మలం, కింది ఫోన్ లైన్లు బాగయ్యాయి. 1105, ఆపరేటర్ భార్య లావణ్య. ఆడపిల్ల. తల్లీ...

ఆపైన చదవలేకపోయాను.

"రిపీట్ చెయ్" అన్నాడు నర్సింగ్ అసిస్టెంట్.

"తల్లీ బిడ్డా క్షేమం" అన్నాను. అప్పుడు అరిచారు చూడండి, ఎనిమిది మందీ, రేకులు ఎగిరిపోతాయేమో అనిపించింది. పుస్తకం మీద నా సంతకం వంకరపోయింది. ఒరేయ్ దొంగల్లారా అని అందరినీ కావలించుకున్నాను. ఆ కుర్రాడు అదే నవ్వుతో చెల్లెలి పెళ్లికి దిగిపోయాడు.

అక్టోబరులో కొండ మీద నా టూర్ అయిపోయింది. గోండ్‌పిప్రి చేరేసరికి మధ్యాహ్నం. దుకాణం ముందు ఒకామె నెలలు నిండిన కోడలికని ఆముదం అడుగుతోంది. "నేనియ్య. దవాఖానకు తోల్కపో, ఆటోను నేను పిలుస్త" అంటోంది అత్తమ్మ. నన్ను చూసి నేరుగా, "వచ్చినవా బిడ్డా" అంది.

వెనక గదిలో లావణ్య పాపను నా చేతుల్లో పెట్టింది. ఆరు నెలలది. నా మీసం పట్టుకుని గుంజింది. నాకు ఏడుపొచ్చింది. ఆరు నెలలుగా కొండ మీద మోసిన మాట అప్పుడు చెప్పేశాను. పోస్టులో నాకు ముందే చెప్పారని, వద్దని తెలిసీ తాగించానని.

"నాకెరుకే" అంది లావణ్య. "గ్లాసు ఇస్తుంటె మీ మొకం జూసిన. వద్దనే మాట మీ నోటిదాంక వచ్చింది. అంటరేమో అని జరసేపు ఆగిన. మీరు అనలే. బిడ్డను సూడాలని గంత ఆశ ఉన్నదా ఈ మనిషికి అనుకున్న. గందుకే తాగిన."

కోపంగా అనలేదు. చెబుతూనే నా కళ్లు కొంగుతో తుడిచింది. కోపగించుకున్నా బాగుండేది.

పాప ఇప్పుడు బడికి పోతోంది. నేను యూనిఫాం తీసేసి చాలా రోజులైంది. ఆ కొండ, ఆ మంచు నా కలల్లోకి రావడం మానేశాయి. ఒక్కటి మాత్రం పోదు. పొద్దుటి వెలుగులో మంచం అంచున కూర్చుని, గ్లాసు పెదవుల దగ్గర ఆపి, లావణ్య నా వైపు చూస్తోంది. ఆమె ఇంకా తాగలేదు. నేను ఇంకా ఏమీ అనలేదు.