చావింట్లో ఇచ్చిన కార్డు

ప్రెస్సు నుంచి కొత్త విజిటింగ్ కార్డుల డబ్బా వచ్చింది. మూత తియ్యగానే పచ్చి ఇంకు వాసన గుప్పుమంది. అచ్చులో నా పేరు చూసుకుని మురిసిపోవాల్సింది పోయి, ఆ వాసనకి ఇప్పటికీ సిగ్గుతో ముడుచుకుపోతాను. వెంటనే యాదగిరన్న గుర్తొస్తాడు.

భువనగిరి జిల్లా అయిన కొత్తలో బస్టాండు దగ్గర కర్రీ పాయింట్ పెట్టాను. పక్క మడిగెలో యాదగిరన్నది స్టీలు సామాన్ల దుకాణం. పెద్ద గొంతు, అంతకంటే పెద్ద బొజ్జ, ఊరంతా దోస్తులే. నాకేమో కొత్త మనిషిని చూస్తే నోరు పెగలదు. రోజూ కూరలు మిగిలిపోయేవి. ఫంక్షన్ల వంటలు దొరక్కపోతే దుకాణం మూసుకోవాల్సిందే. "ఏం చెల్లే, గిట్ల గల్లాపెట్టె ఎన్క కూసుంటే ఎవలొస్తరు? నలుగుర్ల తిరగాలె" అన్నాడొకరోజు. "సిగ్గయితదన్నా. పోయి ఏమని అడగాలె?" అన్నాను. "ఏం అడగకు. పెండ్లికి పిలిస్తే పో. పానం బాగలేదంటే పలకరించు. మనిషి యాదికుంటే పని అదే యాదికొస్తది."

అప్పట్నుంచి వాళ్లావిడ లక్ష్మి వదినతో పాటు నన్నూ నలుగురి ఇళ్లకీ వెంటేసుకుపోయేవాడు. పరిచయం ఒక్క ముక్కే: "నా చెల్లె. బువ్వ మంచిగ వండుతది." అది చాలదనిపించింది నాకు. తెలివి ఎక్కువై కార్డులు కొట్టించాను.

ఆలేరులో అన్న చిన్ననాటి దోస్తు చనిపోతే ముగ్గురం పలకరించడానికి వెళ్లాం. వాకిట్లో ఆడవాళ్లు ఏడుస్తున్నారు. ఓ పక్కన పెద్దకొడుకు పదో రోజు భోజనాల సంగతి ఎవరితోనో మాట్లాడుతుంటే నా చెవిన పడింది. ఏం బుద్ధి పుట్టిందో, లేచి వెళ్లి కార్డు చేతిలో పెట్టాను. "దినానికి వంట మేం చేస్తమన్నా" అని కూడా అన్నాను! ఆయన కార్డు చూశాడు, నన్ను చూశాడు. "మా నాయిన కాష్టం ఇంక ఆరలే. గిదా మీరు పలకరిచ్చుడు?" అన్నాడు. వాకిట్లో ఏడుపులు ఆగిపోయాయి. ఛీ, తల కొట్టేసినట్టయింది. యాదగిరన్న ముఖం నాకంటే ఎక్కువ వాడిపోయింది. ఆ కార్డు తీసుకుని తన జేబులో పెట్టుకుని, "తప్పయింది బిడ్డా. నేను తోల్కొచ్చిన మనిషి" అంటూ చేతులు జోడించాడు. తను ఎత్తుకుని ఆడించిన పిల్లవాడికి!

తిరిగొచ్చి బస్సు దిగాక అన్న చెప్పాడు, "రేపు పొద్దుగాల అన్నం, పప్పు వండు. ఆ ఇంట్ల పొయ్యి ముట్టియ్యరు. తీస్కపోదాం."

"నేను రానన్నా. ఏ ముఖం పెట్టుకొని రావాలె?"

"గా ముఖంతోనే రా. ఇంకోటి యాడికెల్లి తెస్తవు?"

మర్నాడు వడ్డిస్తుంటే ఎవరూ నా వైపు చూడలేదు. భర్త పోయిన ఆ పెద్దమ్మ మాత్రం రెండు ముద్దలు తిని, "జర పెరుగెయ్యి బిడ్డా" అంది. ఇంటికొచ్చి ఆ మాటకే ఏడ్చాను. ఆ ఇంటి నుంచి ఎప్పుడూ పని రాలేదు, రావాలని కోరుకునే ముఖమూ నాకు లేదు. మిగతా పెళ్లిళ్లు, గృహప్రవేశాలు అన్న నోటిమాట మీద మెల్లగా వచ్చాయి. దుకాణం నిలబడింది.

పోయినేడు యాదగిరన్న చనిపోయాడు. కార్డులన్నీ ఇంట్లోనే వదిలేసి, అన్నం, పప్పు వండుకుని వెళ్లాను. తింటున్న పెద్దాయనెవరో "ఎవలు వండిన్రమ్మా? మంచిగున్నది" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే గోడకి ఆనుకుని కూర్చున్న వదిన చెప్పింది, "ఆయన చెల్లె. బువ్వ మంచిగ వండుతది."

కళ్లల్లో నీళ్లు ఆగలేదు. సరిగ్గా అప్పుడే నా చెయ్యి భుజానున్న సంచిలోకి పోయింది, కార్డు కోసం. అందులో లేవని నాకు తెలుసు. అయినా పోయింది. వదిన చూడలేదు. అన్న ఉంటే చూసేవాడు.