జూజువాడి మునెమ్మక్క: ఆమె షెడ్డు, నా అర్జీ

పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి నేను అడిగినదాన్ని మారుమాట లేకుండా ఒప్పుకున్న అవతలి పక్షం లోకంలో ఒక్కటే: కేంద్ర ప్రభుత్వం. కావేరిపట్టణంలో మా నాయన కిరాణా అంగడిలో గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. కొత్తిమీర కట్ట దగ్గర కూడా మొదటి మాటకు తలూపి ఎరగను. అలాంటి నేను ఢిల్లీకి ఒక అర్జీ రాసి, ఒక్క అక్షరం తగ్గకుండా అన్నీ సాధించుకొచ్చాను. హోసూరు చిన్న పరిశ్రమల వాళ్ళలో అంతటి ఘనుడు మరొకడు లేడు. ఆ ఘనకార్యంతో మూతపడిన షెడ్డు మునెమ్మక్కది. గత సోమవారం తెల్లవారుతుండగా ఉద్దనపల్లి నుంచి ఆమె తమ్ముడు ఫోను చేసి, "అక్క పోయిందప్పా" అన్నాడు. 

ఆమెను ఎరగనివారి కోసం చెబుతున్నాను. గొర్రెలు కాసుకునే కుటుంబంలో పుట్టిన మునెమ్మ ఒక కార్ఖానాలో కూలికి చేరి, రేకు కత్తిరించడం, వంచడం, అతకడం నేర్చింది. తన వాటా గొర్రెలను అమ్మి పాత కటింగ్ మిషను కొన్నది. హోసూరు దగ్గరి జూజువాడిలో లారీలు నిలిచే చోటికి వెనక సొంత షెడ్డు వేసింది. బోరుబావుల మోటార్ల స్టార్టర్లు తడవకుండా బిగించే రేకు పెట్టెలు ఆమె సరుకు. స్వయంకృషి అనే మాటను సన్మాన సభల్లో చాలాసార్లు విన్నాను. దాని సాక్షాత్ స్వరూపాన్ని చూసింది మాత్రం ఆ షెడ్డులోనే, కళ్ళకు నల్లద్దాలు, కొంగు నడుముకు బిగించి, నిప్పురవ్వల నడుమ.

ఆమె దగ్గర బేరం నడిచేది కాదు. ఒకసారి నా ఎదుటే ఒక రైతు పదిరూపాయలు తగ్గించమని పట్టుబట్టాడు. "అట్లే కానీప్పా, తలుపు పీకి ఇస్తాను, తీసుకపో" అన్నది. "తలుపు లేకుంటే ఎట్లమ్మా?" "లోపల ఎలకలు కాపురముంటాయి. వాటి కాడ బాడిగ వసూలు చేసుకో." రైతు నవ్వుతూనే పూర్తి ధర ఇచ్చి పోయాడు. నేనైతే ఐదు రూపాయల దగ్గర రాజీపడేవాణ్ణి. అతను తిట్టుకుంటూ పోయేవాడు.

ప్రతి పెట్టెకూ అంచు చుట్టూ రేకును లోపలికి మడిచేది. ఆ మడత మానేస్తే చాలా రేకు ఆదా అవుతుందని నేను హితబోధ చేశాను. "అయితాది. బావులకు కరెంటిచ్చేది నడిరేయి కదప్పా. చీకట్లో తడుముకునే రైతు చెయ్యి తెగితే, నీ ఆదా తెచ్చి కట్టు కడతావా?" అని అడిగింది. ఆ మడత ఆమె ధర్మం. ఆమె షెడ్డు మీదికి ముప్పు తెచ్చిందీ ఆ మడతే.

తొంభైల చివర విదేశీ ఉక్కు చవకగా వచ్చి పడింది. మన మిల్లుల కొలుములు ఒక్కొక్కటే చల్లారుతున్న రోజులవి. నేను ఒక మిల్లుకు కొలిమి ఇటుకలు, కార్మికుల చేతితొడుగులు సప్లై చేసేవాణ్ణి. మిల్లు ఆగితే నేనూ ఆగుతాను. దేశీయ ఉక్కును ఆదుకోవాలని మా చిన్న పరిశ్రమల సంఘం అర్జీ పెట్టదలచింది. రాసే బాధ్యత, బేరగాణ్ణి కనుక, నాకప్పగించారు. విదేశీ ఉక్కుకు కనీస ధర కట్టండి, అంతకు తక్కువకు దిగనివ్వకండి అన్నది మా అసలు కోరిక. అంగడి బుద్ధి ఊరుకోదు కదా! వాళ్ళు ఎలాగూ తగ్గించమంటారు, అప్పుడు వదులుకోవడానికి ఏదో ఒకటి ఉండాలని, చిన్న లోపాలతో చవకగా వచ్చే విదేశీ రెండోరకం రేకును కూడా అర్జీలోని ఉక్కు జాబితాలో కలిపేశాను. మునెమ్మక్క పెట్టెలు చేసేది ఆ రేకుతోనే.

ఆమె కూడా సంఘం సభ్యురాలే; సమావేశంలో అర్జీ చదివించుకుని విని నా వైపు తిరిగింది. "ఇది నా రేకు కదప్పా?"

"అది తీసేసే మాటక్కా. తగ్గించమన్నప్పుడు అదే వదిలేస్తాం."

"తీసేసేదైతే రాసేదెందుకప్పా?"

"నువ్వు గొర్రెను అమ్మేటప్పుడు ఆఖరు ధర ముందే చెప్పినావా?"

"గొర్రెకు ఎదురుగా కొనేవాడు నిలబడి ఉంటాడు. ఈడ ఎవరుండారు?"

అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది నేను. నా మీద నమ్మకంతో ఆమె సంతకం పెట్టింది.

బేరానికి ఎవరూ రాలేదు. తగ్గించమని ఒక్కరూ అడగలేదు. మేం కోరినవన్నీ ఉత్తర్వులో వచ్చాయి. మిల్లు నిలిచింది, దాన్ని నమ్ముకున్న కుటుంబాలు నిలిచాయి. ఆ సాయం అన్యాయమని నేను ఇప్పటికీ అనను. అందరితో పాటు నేనూ నిలిచాను. దేశవాళీ రేకుతో చేస్తే మునెమ్మక్క పెట్టె రైతుకు అందని ధరైంది. మడత తీసేస్తే గట్టెక్కేది. తీయలేదు. ఏడాది తిరగకుండా మిషను అమ్ముడుపోయింది.

తర్వాత ఆమె నా గోడౌనులో మిల్లువాళ్ళ చేతితొడుగులు కుట్టింది. మొదటి రోజే, "శెట్టప్పా, కూలి బేరమాడకుండా చెప్పు, ఆడినావంటే నేను రెట్టింపు అడగాల్సి వస్తాది" అన్నది. సంఘంలో మిగిలినవాళ్ళు నన్ను తప్పుపడితే, "ఆయప్ప నాకు అన్యాయం తలచలేదు. అంగడిలో ఉన్నట్టే ఉన్నాడు, అంతే" అని అడ్డుపడింది. ఆ క్షమ నాకు శిక్షకన్నా బరువైంది.

కాలక్రమంలో ఆ కట్టడి సడలింది. పరుగున పోయి చెప్పాను: "అక్కా, నీ రేకు మళ్ళీ వస్తా ఉంది. షెడ్డు తెరుద్దాం."

"మిషను యాడుందప్పా?"

"నేను కొనిస్తాను."

ఆమె తన చేతులు తిప్పి చూసుకుంది. "ఎండాకాలానికి ముందే కొను. బోర్లేసేది అప్పుడే" అన్నది.

బెంగుళూరులో ఒక పాత కటింగ్ మిషను దొరికింది. అమ్మేవాడు చెప్పిన ధర న్యాయమైనదే. అయినా వినలేదు. పోయాను, లేచి వచ్చేశాను, కబురంపాను, మళ్ళీ పోయాను. ఆమె రెండుసార్లు అడిగింది, "ఇంకా కుదరలేదాప్పా?" అని. "దిగుతాడక్కా, నువ్వుండు" అన్నాను. వాడు దిగివచ్చేసరికి తొలకరి పడింది. అప్పటికే ఆమె ఊపిరితిత్తుల జబ్బు ముదిరి మంచం పట్టింది. మిషను జూజువాడి చేరింది. దాని మీద ఆమె చెయ్యి పడనేలేదు.

మునెమ్మక్క వంటి చేయి ఈ ప్రాంతానికి మళ్ళీ రాదు. కృష్ణగిరి నుంచి రాయకోట దాకా నడిరేయి మోటారు వేసే రైతుల వేళ్ళు ఆమె మడిచిన అంచుల మీద నేటికీ క్షేమంగా తిరుగుతున్నాయి. ఆ మహనీయురాలికి చేతులు జోడించడమే ఈ వ్యాసం చేయగలిగినది. ఇక చివరి బిల్లు, తగ్గించకుండా రాస్తున్నాను. మిషను బేరంలో నాకు మిగిలినది మూడు వేల రూపాయలు. ఆమెకు పోయినది ఒక ఎండాకాలం. బతికిన ఆఖరి ఎండాకాలం.